మన మండలంలోని ఉన్నత పాఠశాలలను ఏ లెక్కతో పోల్చాలి?

(తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాటి నుండి మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "సాబ్, మన మండలంలో మంచి హైస్కూలు ఏది?" ఈసారి నోటిమాటగా జవాబు చెప్పదలచుకోలేదు. మన కమిటీ పక్షాన మేము నలుగురం మండలంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలన్నింటికీ వెళ్లాము. ప్రధానోపాధ్యాయుల అనుమతితో రిజిస్టర్లు, టైంటేబుళ్లు చూశాము. ఉద్యోగ జీవితమంతా గుమాస్తాగిరీలో గడిపినవారం మాలో ఇద్దరం ఉన్నాము. కాగితం ఏది చెబుతుందో, ఏది దాస్తుందో మాకు కొంత తెలుసు.

జిల్లా పరిషత్ పాఠశాలలు, ఆదర్శ పాఠశాల, కస్తూర్బా బాలికా విద్యాలయం, మైనారిటీ గురుకులం అన్నీ ప్రభుత్వానివే. కానీ వాటిని ఉత్తీర్ణతా శాతంతో వరుసగా నిలబెట్టడం న్యాయం కాదు. ఆదర్శ పాఠశాల ఆరవ తరగతిలోనే ప్రవేశపరీక్ష పెట్టి పిల్లలను ఎంచుకుంటుంది. గురుకులంలో సీట్లు పరిమితం. జిల్లా పరిషత్ బడి మాత్రం, ఏడాది మధ్యలో ఇటుకబట్టీ నుండి తిరిగివచ్చిన పిల్లవాడినైనా చేర్చుకోవలసిందే. వడపోసిన నీటిని, చెరువు నీటిని పక్కపక్కన పెట్టి ఏది తేటగా ఉందని అడిగితే ఏం చెప్పగలం?

మరొక సంగతి. ఉత్తీర్ణతా శాతం పరీక్ష రాసినవారి లెక్క. నడుమ మానేసినవారు అందులో ఉండరు. అందుచేత మేము నాలుగేళ్ల క్రితం ఆరవ తరగతిలో చేరిన పేర్లను, నేటి పదవ తరగతి హాజరుపట్టీని పక్కపక్కన పెట్టి చూశాము. టీసీ తీసుకొని వేరే బడికి పోయినవారిని విడిగా రాసుకున్నాము. మిగిలిన పేర్లు ఎక్కడికి పోయాయో ఏ రిజిస్టరూ చెప్పదు. ఆ పేర్లలో మన ఆడపిల్లల పేర్లు కనిపించినచోట చాలాసేపు ఆగిపోయాము. ఎనిమిదవ తరగతి దాటిన తరువాత చట్టం కూడా చేయి వదులుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతులు దాని పరిధిలో లేవు.

ఇక ఉర్దూ మాధ్యమం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. ఆ మేరకు మన పల్లెల్లో అయిదవ తరగతి వరకు ఉర్దూ బడి ఉంది. ఆపై ఉర్దూలోనే చదవాలంటే బస్సెక్కి దూరం పోవాలి, లేదా ఊళ్లోని తెలుగు మాధ్యమంలో చేరి మళ్లీ అక్షరాలు దిద్దాలి. మేము చూసిన బడుల్లో ఒక్కదానిలోనే ఉర్దూ తరగతులు ఉన్నాయి. అక్కడ టైంటేబులులో గణితం పీరియడు ఉంది, చెప్పేవారు లేరు. ఆ పీరియడులో ఉర్దూ పండిట్‌గారే పిల్లలను కూర్చోబెడుతున్నారు. ఆయనను తప్పుపట్టలేము. ఆయన కూడా రాకుంటే ఆ గది ఎప్పుడో మూతపడేది.

ఖాళీల పట్టిక అడిగితే అందులో ఆ గణిత పోస్టు లేదు. పోస్టే మంజూరు కాలేదు కనుక కాగితం మీద ఖాళీ కూడా లేదు! ఆరు నుండి ఎనిమిది తరగతులకు సైన్సు–గణితానికి, సాంఘికశాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది.

మంజూరైన పోస్టులకూ చిక్కు ఉంది. రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ మాధ్యమ పోస్టులకు ఉర్దూలో చదివిన అభ్యర్థులు దొరకక అవి ఏళ్ల తరబడి ఖాళీగా మిగులుతున్నాయి. ఈ మాట చెప్పినప్పుడు జాగ్రత్త అవసరం. మనం దళితుల, గిరిజనుల వాటాను తగ్గించమని అడగడం లేదు. ఆ పోస్టును తెలుగు మాధ్యమంలో వారికే ఇచ్చి, ఉర్దూ మాధ్యమంలోని పోస్టును మార్పిడి చేయమంటున్నాము. వారికీ దక్కని, మనకూ దక్కని పోస్టు వల్ల ఎవరికి లాభం?

2006లో సచార్ కమిటీ, 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖమే చూడలేదని లేదా నడుమ మానేశారని రాసింది. మదరసాలలో చదివేవారు నాలుగు శాతం లోపేననీ చెప్పింది. మన పిల్లలందరూ మదరసాలకే పోతారని మాట్లాడేవారికి ఇది చెప్పవలసిన మాట. మన పిల్లలు సర్కారు బడి గడప వరకు వస్తున్నారు. తరగతి గదిలో వారికి ఏమి దొరుకుతున్నదన్నదే మనం అడగవలసింది.

కాబట్టి ఏది మంచి బడి అని మమ్మల్ని అడిగే ముందు, మీ పిల్ల చేరబోయే బడిలో మూడు సంగతులు కనుక్కోండి. ఆరవ తరగతిలో చేరినవారిలో ఎందరు పదికి చేరారు? గణితం, సైన్సు చెప్పేవారు వారానికి ఎన్ని పీరియడ్లు తీసుకుంటున్నారు? ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా? మూడవ ప్రశ్న మగవారికి తోచదు. తల్లులే వెళ్లి చూడాలి.

ఉర్దూ తరగతులకు గణిత, సైన్సు పోస్టుల మంజూరు కోరుతూ మండల విద్యాధికారి ద్వారా పైకి పంపవలసిన వినతిపత్రం రాసి ఉంచాము. మంజూరైన పోస్టుల వివరాలు రాతపూర్వకంగా ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా సిద్ధం చేశాము. దానికి ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రెండూ ఆ చివరి బల్లమీద ఉన్నాయి. వినతిపత్రంలో ప్రతి సంతకం పక్కన మీ పిల్ల పేరు, తరగతి తప్పకుండా రాయండి. సంతకం రానివారికి మన కుర్రవాళ్లు సాయం చేస్తారు.