తారు కాస్తే జరిమానా, ఓడ దిగితే జైలు



1908 నాటి భారత ఓడరేవుల చట్టాన్ని, ఈరోజు పట్టాలు అందుకున్న యువ న్యాయవాదులైన మీలో చాలామంది పరీక్ష కోసం చదివి వదిలేసి ఉంటారు. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది కనుక ఇక దానితో పనిలేదనీ అనుకుంటారు. అయినా ఒకసారి తిరగేయండి. రేవులో నిషేధించిన హద్దుల్లో ఓడ మీద తారు కాచకూడదు. ఊరికే తుపాకీ పేల్చకూడదు. కప్పులేని దీపం పెట్టుకుని సారాయి పీపాల్లోంచి సారాయి తీయకూడదు. నవ్వొస్తుంది. కానీ చెక్క ఓడలు పక్కపక్కనే లంగరు వేసుకునే రోజుల్లో ఒకటి అంటుకుంటే రేవంతా బూడిదే. ఓడ నిలకడ కోసం వేసుకొచ్చిన రాళ్లు నీళ్లలో పారబోస్తే మేట వేసి దారి మూసుకుపోతుంది. ఈ నేరాల్లో చాలావాటికి శిక్ష జరిమానాయే. వీటితో నాకు పేచీ లేదు.

నా పేచీ ఓడ మీద పనిచేసే మనిషి గురించి రాసిన చట్టాలతో. 1859లో ఇక్కడ రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి వాణిజ్య నౌకల నావికుల మీద, రెండోది బయానా పుచ్చుకుని పని మానేసిన కూలీల మీద. రెండింటిదీ ఒకటే పోకడ. మామూలుగా ఒప్పందం తప్పితే సివిలు దావా వేస్తారు. ఇక్కడ కూలివాడు తప్పితే అది నేరం. ఓడ విడిచి వెళ్లిన నావికుడికి జైలు. బ్రిటన్ తన రేవుల్లో అలాంటి నావికుణ్ణి జైల్లో పెట్టడం 1880లోనే మానేసింది. బయటి రేవుల్లో మాత్రం మానలేదు.

బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన మన దేశపు నావికుల, అంటే కలాసీల సంగతి ఇంకా వేరు. వాళ్లు బ్రిటిష్ ప్రజలే, కానీ బ్రిటిష్ నావికులుగా లెక్కకు రారని 1823 నాటి చట్టం తేల్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఓడలో తెల్ల నావికుడికి 72 ఘనపుటడుగుల చోటు ఇవ్వాలి, కలాసీకి 36 చాలు. ఒకే ఓడ, ఒకే తుపాను, సగం చోటు! 1939లో యుద్ధం మొదలయ్యాక, జలాంతర్గాముల మధ్యకు ఈ జీతానికి వెళ్లలేమని బ్రిటిష్ రేవుల్లో మన కలాసీలు పని ఆపేస్తే వందలమందిని జైళ్లకు పంపారు.

యజమాని వైపు చూడండి. బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్సాల్ పోరాడితే, ఓడ ఎంతవరకు మునగవచ్చో చూపే గీత 1876లో తప్పనిసరి అయింది. అయితే ఆ గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలారు! దాన్ని సరిచేయడానికి 1890 దాకా పట్టింది. అందుకే పీఠికలో ఎన్ని మంచి మాటలున్నా, ఏ చట్టం చేతికొచ్చినా నేను ముందు శిక్షల భాగం తీస్తాను. ఎవరిని జైలుతో బెదిరించారు, ఎవరిని జరిమానాతో సాగనంపారు, ఎవరి ఊసే ఎత్తలేదు? కొత్త వాణిజ్య నౌకల చట్టమూ 2025లోనే వచ్చింది. దాన్నీ అలాగే చదవండి.

ఎందుకంటే రేపు మీకు ఫోన్ వస్తుంది. సోంపేట నుంచో కవిటి నుంచో ఓడెక్కిన కుర్రాడు, ఏదో విదేశీ రేవు బయట లంగరేసిన ఓడలో జీతం లేకుండా చిక్కుకుని ఉంటాడు. ఇప్పుడు చట్టం అతని వైపు కొంత తిరిగింది. 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. దాని సవరణల ప్రకారం రెండు నెలల జీతం ఎగ్గొడితే యజమాని నావికుణ్ణి వదిలేసినట్టే. నాలుగు నెలల బకాయిల వరకు, ఇంటికి చేరే ఖర్చుతో సహా, బీమా లాంటి హామీ ఉండాలి. ఆ హామీ పత్రం ఓడలో అందరికీ కనిపించేచోట అంటించి ఉంచాలి. ఆ కుర్రాణ్ణి ముందు దాని ఫొటో తీసి పంపమనండి.