ఉన్న ఊళ్ళోనే ఉంటే...

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఉన్న ఊరు కన్నతల్లితో సమానం అని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. చిత్రమేమిటంటే, ఈ మాట ఎక్కువగా చెప్పేది మగవాళ్ళే. మనం ఎలాగూ పెళ్ళినాడే పుట్టిన ఊరు వదిలి వస్తాం కదా! నన్ను గుడివాడ నుంచి బందరుకిచ్చారు గనక బస్సు దూరంలోనే ఉండిపోయాను. మా అక్కని నాగపూరు పంపారు. ఏమైనా, సొంత ప్రాంతంలో ఉండడమా, బయటికి పోవడమా అన్న తర్జనభర్జన ఇవాళ చాలా ఇళ్ళల్లో ఉన్నదే. మా ఇంట్లో అయితే ఈ నెలంతా అదే సంగతి.

మనవాళ్ళ మధ్య ఉండడంలో సుఖం లేదని ఎవరంటారు? అర్ధరాత్రి పిల్లకి జ్వరమొస్తే ఏ డాక్టరుగారి తలుపు తట్టాలో తెలుసు. చేతిలో డబ్బు లేకపోతే కిరాణాకొట్టతను పద్దు రాసుకుంటాడు. మొన్న వేసవిలో మా అమ్మ నూతి గట్టు దగ్గర కాలు జారి పడిందని కబురొస్తే, పొయ్యి మీద పప్పు దించి బయలుదేరాను. ఆసుపత్రికి తీసుకెళ్ళే వేళకి పక్కనే ఉన్నాను. అక్క మర్నాడు సాయంత్రానికి గాని రాలేకపోయింది. వచ్చిన దగ్గర్నుంచీ అమ్మ మంచం దిగలేదు పాపం, తప్పు చేసినదానిలా కూర్చుంది.

పిల్లల చదువు సంగతి కూడా ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కాలేజీ సీట్లలో నూటికి 85 స్థానికులకి కేటాయించింది. అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్ళు ఏ ప్రాంతంలో చదివితే అక్కడ స్థానికులు అన్నది అందులో ముఖ్యమైన లెక్క. 2014లో రాష్ట్రం విడిపోయాక, హైదరాబాదు నుంచి ఇటు రావలసిన ఉద్యోగుల భార్యలకి ఈ లెక్కే గుండెల మీద కుంపటి అయింది. మూడేళ్ళలోగా వచ్చినవారిని స్థానికులుగా చూస్తామని 2016లో ఉత్తర్వు సవరించాక గాని వాళ్ళు ఊపిరి పీల్చుకోలేదు. అంచేత సామాను లారీ ఎక్కించేముందు పిల్ల ఏ క్లాసులో ఉందో చూసుకోవడం మంచిది.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే అందరికీ బాగానే ఉంటుంది. కాని మా అత్తయ్యగారు చెప్పే సంగతి ఒకటుంది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు మా అత్తవారు కోడూరు దగ్గర పల్లెలో ఉండేవారు. మావారికి అప్పటికి మూడేళ్ళు. బంధువులంతా చుట్టుపక్కల పదిమైళ్ళలోపే. మామూలు రోజుల్లో అదే పెద్ద బలం. పెళ్ళికైనా పురుడుకైనా బండి కట్టుకుని దిగిపోయేవారట. ఆ రాత్రితో ఆ బలం కాస్తా పోయింది. ఎవరిని అడుగుతారు? అడిగేవాళ్ళకీ కొంప లేదు, ఇచ్చేవాళ్ళకీ లేదు. అందరి వడ్లూ అదే నీళ్ళలో పోయాయి, అందరి గొడ్లూ అదే నీళ్ళలో పోయాయి. అప్పుడు ఆదుకున్నవాడు అత్తయ్యగారి తమ్ముడు ఒక్కడే. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం. "అన్నం పెట్టే నేల వదిలి పరాయి దేశం పట్టుకుపోయాడు" అని అందరూ ఆడిపోసుకున్న కుర్రవాడే నెలనెలా మనియార్డరు పంపాడు. ఆ డబ్బుతోనే మళ్ళీ గేదెని కొన్నారు, పాక వేశారు. అందరూ ఒక్కచోటే ఉంటే ఆపద కూడా అందరికీ ఒక్కసారే వస్తుందని ఆవిడ అంటూంటారు.

ఆయనకీ నష్టం లేకపోలేదు. ఆ మేనమామగారి మనవలు తెలుగు ముద్దుగా మాట్లాడతారు. శుభలేఖ వస్తే మాత్రం చదవమని తాతగారి చేతికిస్తారు.

ఇంకో సంగతి ఆడవాళ్ళకే తెలుస్తుంది. నా స్నేహితురాలొకామెని భర్త వదిలేశాడు. ఇద్దరు పిల్లలు. ఆమె చేతి గుత్తివంకాయ కూర తిన్నవాళ్ళు మరిచిపోరు. ఇక్కడే కర్రీ పాయింటు పెట్టుకుందామనుకుంది. "ఫలానావారి కోడలు కూరలమ్ముతుందా?" అని అటువాళ్ళు, "మన పరువేం కాను?" అని ఇటువాళ్ళు. కూర కొనడానికొచ్చిన ప్రతివాళ్ళూ మొదట మొగుడి సంగతి అడిగేవారు. రెండు నెలల్లో మూసేసి హైదరాబాదు పోయి, కూకట్‌పల్లిలో పెట్టుకుంది. అక్కడ ఎవరూ ఏమీ అడగరుట. "కారం తగ్గించమ్మా అని తప్ప ఇంకోమాట లేదే" అని ఫోనులో నవ్వింది. మనల్ని ఎరిగినవాళ్ళు నలుగురుండడం ఎంత ధైర్యమో, ఒక్కొక్కప్పుడు అంత ఉక్కపోత.

ఇక ఉద్యోగాల మాట. 1611లో ఇంగ్లీషువాళ్ళు వర్తక స్థావరం పెట్టుకున్న రేవు మాది. తరవాత ఓడలు మద్రాసు దారి పట్టాయి, వాటి వెనకే వర్తకమూ పోయింది. 2023లో కొత్త పోర్టు పనులు మొదలైనప్పుడు "ఇంక పిల్లలంతా వెనక్కి వచ్చేస్తారు" అని మా వీధిలో ఒకటే సంబరం. వస్తే అంతకన్నా కావలసిందేముంది? కాని పోర్టు పూర్తయ్యేదాకా పిల్లల వయసు ఆగదు కదండీ.

ఆరేళ్ళ కిందట మావారికి హైదరాబాదులో ప్రమోషన్ ఇస్తామన్నారు. "అమ్మ బందరు విడిచి రాదు" అని వద్దని రాసిచ్చేశారు. నన్ను అడగలేదు, నేనూ ఎదురు చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, లోలోపల సంతోషించాను. అమ్మ దగ్గర్లోనే ఉంటుంది, విజయవాడ రేడియో స్టేషనుకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. ఆ సంతోషానికి ఖరీదు ఎవరు కట్టారన్నది తరవాత తెలిసింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఆయనకి పై అధికారులయ్యారు. ఆయన పల్లెత్తు మాట అనలేదు. జీతం చీటీ నాకు చూపించే అలవాటు మాత్రం మానేశారు. ఇంటర్ అయ్యాక అమ్మాయి కోరిన చదువు ఇక్కడ లేదని హైదరాబాదు హాస్టల్లో చేర్చాం. మేం కదలని ఊరికి పిల్ల ఒక్కర్తీ వెళ్ళింది.

ఈ ఏడు మళ్ళీ కాగితం వచ్చింది. "ఏవండీ, ఈసారి జవాబు రాసేముందు నాకూ చూపించండి" అన్నాను. ఆయన నాకేసి ఒకసారి చూసి, దాన్ని భోజనాలబల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా ఉప్పుజాడీ పెట్టారు. మూడు రోజులు అందరం దాని పక్కనే అన్నాలు తిన్నాం. ఎవరూ మాట ఎత్తలేదు.

నాలుగోనాడు మధ్యాహ్నం అత్తయ్యగారి దగ్గర కూర్చుని సంగతంతా చెప్పాను. ఆవిడ వత్తులు చేసుకుంటూ విన్నారు.

"ఆరేళ్ళ కిందట కూడా వచ్చిందా? నాకెవరూ చెప్పలేదేం?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి ఆవిడే, "ఆ హైదరాబాదు ఇంటికి వీధి అరుగు ఉంటుందిటే?" అని అడిగారు.

"ఉండదత్తయ్యా, అపార్ట్‌మెంటు కదా" అన్నాను.

"పోనీ, లిఫ్టు ఉంటుందా?" అన్నారు.

కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. నెలాఖరులోగా జవాబు రాయాలి. సెలవు.