గురువుగారి క్లారినెట్టు



క్లారినెట్టు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం. మన సన్నాయి పీక రెండు పొరలుగా ఉంటుంది. దీనికి మాత్రం ఒకే ఒక్క రెల్లు బద్ద. నల్లటి కర్ర గొట్టం, దాని మీద వెండిలా మెరిసే మీటలు, అంతే. ఈ వాద్యంతో ప్రపంచం చేత ఔననిపించుకున్న కొందరు ఒకే కళాశాలలో చదువుకున్నారు. ఈవేళ వాళ్ల సంగతి మీతో ముచ్చటిస్తాను.

లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ అనే సంగీత కళాశాల ఉంది. 1883లో మొదలైంది. అక్కడ క్లారినెట్టు విద్య మన గురుపరంపర లాగే సాగింది. ఆ కళాశాలలోనే చదివిన చార్లెస్ డ్రేపర్ దగ్గర ఫ్రెడరిక్ థర్‌స్టన్ నేర్చుకున్నారు. అంతకుముందు ఈ థర్‌స్టన్‌కు తొలి పాఠాలు చెప్పింది కన్నతండ్రే. 1930లో బి.బి.సి. సింఫనీ ఆర్కెస్ట్రా ఏర్పడినప్పుడు మొదటి క్లారినెట్టు స్థానం ఆయనదే. కచేరీలు చేస్తూనే, తాను చదివిన చోటే పాఠాలూ చెప్పారు.

ఆయన శిష్యుల్లో జెర్వేస్ డి పేయర్ 1956 నుంచి 1973 వరకు లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో మొదటి క్లారినెట్టు వాయించారు. ఇంకో శిష్యుడు కోలిన్ డేవిస్ కథ మరీ చిత్రం. ఆయన మనసంతా వాద్యబృందాన్ని నడిపించడం మీదే. పియానో రాదు గనుక కళాశాలలో ఆ తరగతికి రానివ్వలేదు. సరేనని క్లారినెట్టే చదివారు. బయట ఎక్కడ అవకాశం వస్తే అక్కడ బృందాన్ని నడిపి నేర్చుకున్నారు. చివరికి 1971 నుంచి 1986 వరకు కవెంట్ గార్డెన్‌లోని రాయల్ ఒపెరాకు సంగీత దర్శకులయ్యారు. పిల్లవాడికి కోరుకున్న సీటు రాలేదని దిగులుపడే తల్లులు ఈయన్ని ఒక్కసారి తలుచుకోవాలి.

ఇక ముఖ్యంగా చెప్పవలసింది థియా కింగ్ గురించి. 1925లో పుట్టారు. 1943లో ఆ కళాశాలలో చేరి పియానో, క్లారినెట్టు రెండూ అభ్యసించారు. క్లారినెట్టు గురువు థర్‌స్టనే. 1953 జనవరిలో ఆయన్నే పెళ్లాడారు. ఆవిడకు ఇరవై ఏడేళ్లు. అదే ఏడు డిసెంబరులో ఊపిరితిత్తుల కాన్సరుతో ఆయన కన్నుమూశారు. ఏడాది కూడా నిండని కాపురం!

ఆ రోజుల్లో పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఆడవాళ్లకు చోటు దొరకడమే గగనం. వియన్నా ఫిల్‌హార్మోనిక్ అయితే 1997 దాకా స్త్రీని సభ్యురాలిగానే చేర్చుకోలేదు. అలాంటి కాలంలో థియా వాద్యాన్ని పక్కన పెట్టలేదు. 1955లో అందరూ ఆడవాళ్లే ఉన్న పోర్షియా అనే సుషిరవాద్య బృందంలో తొలి సభ్యుల్లో ఒకరయ్యారు. 1964 నుంచి 1999 దాకా, అంటే ముప్పై అయిదేళ్లు, ఇంగ్లిష్ ఛేంబర్ ఆర్కెస్ట్రాలో వాయించారు. 1961లో తన కళాశాలకే అధ్యాపకురాలిగా వెళ్లి, భర్త పాఠం చెప్పిన విద్యను పాతికేళ్లకు పైగా పిల్లలకు అందించారు.

ఇంకొక్క మాట. జెరాల్డ్ ఫింజీ అనే స్వరకర్త రాసిన క్లారినెట్టు కన్చెర్టోను 1949లో మొదటిసారి వాయించింది థర్‌స్టన్. ఆయన పోయిన పాతికేళ్లు దాటాక అదే కృతిని థియా రికార్డు చేశారు. మూలపడ్డ పాత రచనలు ఎన్నింటినో వెతికి వినిపించారు. 2001లో ఆ దేశం ఆవిడకు డేమ్ బిరుదు ఇచ్చింది. 2007లో కన్నుమూశారు.

మన ఇళ్లలో చూడండి. పెళ్లిచూపుల నాడు పాడించిన పాటే ఆఖరు పాట అయిన ఆడపిల్లలు ఎంతమంది! వీణ అటకెక్కుతుంది, హార్మనీ పెట్టె మీద మడతపెట్టిన బట్టలు చేరతాయి. కష్టం వస్తే ఇక ఆ ఊసే ఉండదు. థియాకు కష్టకాలంలో అన్నం పెట్టింది, నలుగురిలో నిలబెట్టింది ఆ విద్యే. అందరం కచేరీలు చేయనక్కర్లేదు. వంటపని తెమిలాక రోజుకో అరగంట చాలు. మీ వీణ గవిసెన విప్పి, శ్రుతి చేసి, పక్కన మీ అమ్మాయినో కోడలినో కూర్చోబెట్టుకోండి. ఇంట్లో వాళ్లు మొదట నవ్వినా, నాలుగు రోజులకు వాళ్లే చెవి ఒగ్గుతారు.

సెలవు.