రాజు నివసించని రాజగృహం

ఊరినుంచి బంధువులు వచ్చినప్పుడు హైదరాబాదులో వారికి ఏమేమి చూపవలెనో మనకందరికీ కంఠోపాఠమే. చార్మినారు, గోలకొండ, సాలారుజంగు మ్యూజియం, చౌమహల్లా. ఓపిక మిగిలితే ట్యాంకుబండు. దిల్‌సుఖ్‌నగర్ చూతము రండి అని బంధువులను పిలిచినవారు నాకు తెలిసినంతలో ఒక్కరూ లేరు. అక్కడికి పోయేది చీరలు కొనడానికి, పిల్లలను కోచింగులో చేర్పించడానికి, లేదా విజయవాడ బస్సు పట్టుకోవడానికి.

నేను పదిహేనేండ్లుగా ఆ వైపునే కాపురముంటూ ఆ దారినే ఉద్యోగానికి వచ్చి పోతున్నవాణ్ణి. మొదట సిటీ బస్సులో, 2018 సెప్టెంబరులో ఎల్‌.బి. నగర్ నుంచి మెట్రో రైలు మొదలైన తరువాత రైలులో. ఒకనాడు పదేండ్ల మా అమ్మాయి రైలులో ప్రకటన విని, “నాన్నా, విక్టోరియా మెమోరియల్ కలకత్తాలో గదా ఉన్నది? మన కొత్తపేట దగ్గరికి ఎట్లా వచ్చింది?” అని అడిగింది. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఆ స్టేషను పేరు దినమూ రెండుసార్లు వింటున్న నాకు జవాబు తోచలేదు. ఆ సిగ్గే మమ్మల్ని ఒక ఆదివారం నాడు విహారానికి బయలుదేరదీసింది. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన కూడా మాతో వచ్చారు. ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. ఆయన ఎందుకు వస్తానన్నదీ మాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు.

పొద్దున్నే మూసారాంబాగులో దిగి మలక్‌పేట గుట్ట ఎక్కాము. ఆ గుట్టమీద ఉన్నది ఆస్మాన్‌గఢ్. పైగా వంశీకుడైన సర్ ఆస్మాన్ జా 1885లో దీనిని కట్టించాడు. మరి రెండేండ్లకు ఆయన హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి అయినాడు. ఆస్మాన్ అంటే ఆకాశం. అది ఆయన బిరుదూ అవుతుంది, గుట్టమీది భవనానికి తగిన పేరూ అవుతుంది. నల్లరాతి గోడలు, కొనదేలిన కమానుల కిటికీలు, మూలల్లో బురుజులు. ఐరోపా మధ్యయుగపు కోటను ఎవరో చిన్నదిగా చేసి మన రాళ్ళమధ్య దించినట్లు ఉంటుంది. వేటకు, విశ్రాంతికి వచ్చి పోవడానికి కట్టిన ఇల్లు ఇది. తరువాతి కాలంలో కొన్నాళ్ళు పురావస్తు ప్రదర్శనశాల అయినది, ఆ మీదట పాఠశాల అయినది. సెలవుదినం గనుక మేము బయటినుంచే చూచి తృప్తిపడ్డాము. ఇదే ప్రభువు నగరం నడుమ కట్టిన మరొక భవనం బషీర్‌బాగ్. అది ఇప్పుడు లేదు. పేటకు పేరు మాత్రం మిగిలింది. మన నగరంలో ఇదొక వింత. చెట్లు పోయినా ‘బాగ్’ అనే మాట పోలేదు. తోటలన్నీ పేర్లలోకి వలసపోయినవి.

మూసారాంబాగు కథా అటువంటిదే. ఆ మూసారాం మన తెలుగువాడు కాడు, ఈ దేశపువాడే కాడు. ఆయన ఫ్రాన్సులోని గాస్కొనీ ప్రాంతం నుంచి వచ్చిన సేనాని మిషెల్ రేమో. ఇంగ్లీషువారు పలికినట్లు మనమూ రేమండ్ అంటున్నాము. నిజాం అలీఖాన్ కొలువులో చేరి సైన్యానికి ఐరోపా పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు, ఫిరంగులు పోత పోయించాడు. నేటి గన్‌ఫౌండ్రీ పేరు ఆ కార్ఖానా వలన వచ్చినదే. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్డా యుద్ధంలో ఆయన దళాలు నిజాం పక్షాన పోరాడాయి. హిందువులు ఆయనను మూసా రామ్ అన్నారు, ముస్లిములు మూసా రహీమ్ అన్నారు. ఒక పరదేశిని రెండు మతాలవారూ తమ తమ దేవుని పేరుతో పిలుచుకొన్నారంటే అది సామాన్యమైన ఆదరణ కాదు. 1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. ఆ ఏడు అక్టోబరులోనే ఇంగ్లీషు కంపెనీవారు ఆయన పెంచిన ఫ్రెంచి దళాన్ని యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు.

ఆస్మాన్‌గఢ్ ప్రాంతంలోనే ఆయన సమాధి ఉన్నది. ఎత్తైన వేదికమీద కొనదేలిన రాతి స్తంభం, దాని ప్రక్కన గ్రీకుల ఆలయాన్ని తలపించే మంటపం. ఈ మంటపం ఒకసారి వానలకు కూలిపోగా మరల నిలబెట్టారు. పూర్వం ఏటా వర్ధంతినాడు జనం వచ్చి దీపాలు పెట్టి అగరువత్తులు వెలిగించేవారు. మేము వెళ్ళినప్పుడు ఆ వేదికమీద పిల్లలు క్రికెట్ ఆడుకొంటున్నారు. బంతి సమాధి దాకా దొర్లివస్తే ఒక కుర్రవాడు చెప్పులు విడిచి పోయి తెచ్చుకొన్నాడు. ఎవరు నేర్పారో ఆ మర్యాద!

మధ్యాహ్నానికి సరూర్‌నగర్ వైపు సాగి, ముందుగా అనుమతి తీసుకొని ఉన్నాము గనుక విక్టోరియా మెమోరియల్ హోము ఆవరణలో ప్రవేశించాము. మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది. ఇది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కట్టించిన రాజగృహం. అప్పటికి ఇదంతా ఊరి వెలుపలి అడవి. వేటకు వచ్చినప్పుడు విడిది చేయడానికి కట్టుకొన్నారు. కట్టుకొన్నారే గాని నివసించలేదు. ఏదో అపశకునం తోచిందని చెప్పుకొంటారు. 1901లో విక్టోరియా రాణి మరణించినప్పుడు ఆమె జ్ఞాపకార్థం ఏదైనా చేయవలెననే ఆలోచన వచ్చింది. కలకత్తాలో పాలరాతి భవనం లేచింది. ఇక్కడ మాత్రం ఖాళీగా పడిఉన్న రాజగృహం తల్లిదండ్రులు లేని పిల్లలకు ఇల్లయినది.

గేటు దగ్గర మా పెద్దాయన ఒక్క నిమిషం నిలిచిపోయారు. పై కండువా సర్దుకొన్నారు. తరువాత నావైపు తిరిగి, “ఏం సార్, మా ఇల్లు సూస్తరా? రాండ్రి, నేను సూపిస్త” అన్నారు.

అప్పుడు గదా మాకు తెలిసింది! ఆయన ఆరేండ్లవాడుగా ఉన్నప్పుడు మేనమామ చేయి పట్టుకొని ఆ గేటులో నుంచి వచ్చారట. మేనమామ సాయంత్రం వరకు ఉండి, నిద్రపుచ్చి వెళ్ళిపోయాడట. మరునాడంతా ఆ వరండాలోని ఒక స్తంభాన్ని పట్టుకొని ఏడిస్తే, తనకంటె రెండేండ్లు పెద్దవాడొకడు వచ్చి జేబులోనుంచి చింతకాయ తీసి ఇచ్చాడట. ఆ వరండాలో మమ్మల్ని నడిపిస్తూ, తాము వరుసగా పండుకొన్న చోటు, కంచాలతో నిలబడిన చోటు, అక్షరాలు దిద్దుకొన్న చోటు ఒక్కొక్కటే చూపారు. నేను కమానుల ఎత్తు, పైకప్పు దూలాలు చూస్తూ ఉన్నాను. ఆయన మాత్రం స్తంభాలను అరచేతితో తాకుతూ నడిచారు. చింతచెట్టు కోసం ఆవరణ వెనుక వెతికితే అది కనబడలేదు. “ముసలిదయిపోయి ఉంటది” అన్నారు, మనిషిని గురించి అన్నట్లు.

మా అమ్మాయి ఆయనను అడిగింది: “తాతా, ఇంత పెద్ద ఇల్లు కట్టుకొని రాజు ఇక్కడ ఉండనే లేదా? పాపం!”

“రాజు ఉండకపోతే ఏమాయె బిడ్డా, మేము ఉన్నం గద!” అన్నారాయన.

నేను పుస్తకాలలో చదివి తెచ్చుకొన్న విషయాలన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నబోయినవి. నేను చూడవచ్చినది నిజాం ఇల్లు. ఆయన చూపినది తన ఇల్లు. కట్టించినవాడి పేరు చరిత్రలో ఉంటుంది. కాపురమున్నవారి పేర్లు ఎక్కడ ఉంటాయి?

ఎండ తగ్గిన తరువాత ఎల్‌.బి. నగర్ కూడలి దాటి వనస్థలిపురం వైపు, మహావీర్ హరిణ వనస్థలికి వెళ్ళాము. అదికూడా ఒకప్పటి నిజాముల వేటభూమే. వర్ధమాన మహావీరుని నిర్వాణానికి 2500 ఏండ్లు నిండిన సందర్భంలో, 1975లో, దీనిని ఆ మహాత్ముని పేర జింకలకు అభయారణ్యం చేశారు. 1994లో జాతీయోద్యానమయినది. సుమారు పద్నాలుగున్నర చదరపు కిలోమీటర్ల ముండ్లపొదలు, గడ్డిబీళ్ళు. రాజుల తోటలలో వలె ఇక్కడ ఫౌంటెన్లు, పూల మళ్ళు ఉండవు. ఓపికగా నిలిచి చూడగా, మెలితిరిగిన కొమ్ములతో నల్లని వీపు, తెల్లని పొట్ట గల కృష్ణజింక ఒకటి గడ్డిలోనుంచి తలయెత్తింది. దాని వెనుక గోధుమరంగు ఆడజింకలు. ఒక్క గంతులో అన్నీ మాయమైనవి. అటు వైపునుంచి లారీల హోరు వినబడుతూనే ఉన్నది.

ఇంటికి వస్తూ లెక్క చూచుకొన్నాను. ఒక ప్రభువు వేటవిడిది పాఠశాల అయినది. ఒక రాజు విడిచిన ఇల్లు అనాథలకు ఆశ్రయమయినది. తుపాకులు మ్రోగిన నేల జింకలకు అభయమిచ్చింది. ఇవేవీ వాటంతట అవి జరిగినవి కావు. ప్రతిసారీ ఎవరో ఒకరు, ఈ చోటు ఇకమీదట బలహీనులకు చెందవలెను అని నిర్ణయించారు. నేడు ఆ ప్రాంతంలో గజం నేల ధర ఎంతో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. ఇండ్లు, అంగళ్ళు చెరువుల అంచులదాకా వచ్చినవి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల కాలనీలు నీటిలో మునిగినప్పుడు ఆ సంగతి మనకు బాగా తెలిసివచ్చింది. ఇటువంటి చోట ఖాళీ నేల, పాత గోడ, నాలుగు చెట్లు నిలిచి ఉండవలెనంటే ఆ పాత నిర్ణయాన్ని ప్రతి తరమూ మరల ఒకసారి చేయవలసి ఉంటుంది. చూడనివాడు ఎట్లా చేస్తాడు? అందుకే ముందు చూడవలెను.

మరునాడు రైలులో ఆ స్టేషను పేరు ప్రకటించగానే మా అమ్మాయి కిటికీలోనుంచి చేయెత్తి చూపుతూ ప్రక్కన కూర్చున్న ఎవరో ఇల్లాలితో, “అది మా తాత వాళ్ళ ఇల్లు” అన్నది. ఆమె నమ్మలేదు. నేను సరిదిద్దలేదు.