ముందు దిగేది మనం, మందు అందేది ఆఖర్న

(మున్సిపల్, ఆస్పత్రి పారిశుధ్య కార్మికుల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషులో 'ఫస్ట్ రెస్పాండర్' అనే మాట ఒకటుంది. ఆపద వచ్చిన చోటికి అందరికంటే ముందు చేరే మనిషి అని అర్థం. ఆ మాట వినగానే ఎవరు గుర్తొస్తారు? ఫైరింజన్ మీద వచ్చే మనిషి, 108 బండిలో వచ్చే టెక్నీషియన్, పోలీసు. నిజమే, వాళ్లూ ముందుంటారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయాల్సిన పని మనకు లేదు. కానీ మోరీ పొంగి బస్తీలోకొస్తే ముందు దిగేదెవరు? వాంతులు విరేచనాలు తగిలిన వాడలో బ్లీచింగు చల్లేదెవరు? రైలు పట్టాల మీద శవాన్ని మూటగట్టేదెవరు? మార్చురీలో కుళ్లిన శవాన్ని కదిలించేదెవరు? రాసుకుంటూ పోతే ఆ పేర్లన్నీ మన వాడలవే. రెల్లి, మాదిగ, మాల, మెహతర్.

పేరుదేముందిలే అనుకోవద్దు. ఆ పేరున్నవాడికి శిక్షణ వస్తుంది, టీకా వస్తుంది, ఇన్సూరెన్సు వస్తుంది. ఆ పేరు లేనివాడి చేతికి చీపురు వస్తుంది.

క్రిమికి కులం లేదని డాక్టర్లంటారు. క్రిమికి లేదు, ఒప్పుకుంటాం. కానీ ఆ క్రిమి ఉన్న చోటికి ఎవర్ని పంపాలో తేల్చేది కులమే గదా! పంపినాక ఇంకో మాటంటారు: "వాళ్లకలవాటే, వాళ్లకేం కాదు." ఈ మాట మేస్త్రి అంటాడు, ఇంజనీరంటాడు. విని విని మనమూ అంటున్నాం. మురిక్కి ఒళ్లు అలవాటు పడదు. ముక్కు అలవాటు పడుతుంది, అంతే. ముక్కుకు వాసన తెలియనంత మాత్రాన లివరుకు జబ్బు రాకుండా పోదు.

మన చావులు రెండు రకాలు. ఒకటి పేపర్లో పడే చావు. మ్యాన్‌హోల్‌లో విషవాయువు కొట్టి పోయేది. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మన ఆంధ్రా కార్మికులు ఇద్దరు మ్యాన్‌హోల్‌లో పడిపోతే, దారిన పోయే ఆటో డ్రైవర్ నౌషాద్ వాళ్లను కాపాడబోయి తానూ పోయాడు. ముగ్గురూ చనిపోయారు. ఇలాంటి చావుల మీద ఏళ్ల తరబడి కొట్లాడితే 2013లో చట్టం వచ్చింది. రక్షణ పరికరాల్లేకుండా మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం నేరమైంది. 2014లో సుప్రీంకోర్టు ఒక్కో చావుకు 10 లక్షలివ్వమంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ తీర్పుల్ని మనం కాపాడుకోవాలి.

రెండోది పేపర్లో పడని చావు. ఇవాళ సూది గుచ్చుకుంటుంది. పదేళ్లకో ఇరవై ఏళ్లకో కడుపులో నీరు చేరి మనిషి పోతాడు. "తాగి పోయాడు" అని ఊరంటుంది. రికార్డులో అది పని వల్ల వచ్చిన చావు కాదు. గ్యాసు చావుకు కేసుంది, పరిహారముంది. క్రిమి చావుకు కనీసం లెక్క కూడా లేదు. ఇవాళ నేను మాట్లాడేది ఈ లెక్కలేని చావు గురించి.

ముందు సూది సంగతి. చెత్తలో వచ్చే సిరంజి సూది ద్వారా ముఖ్యంగా మూడు జబ్బులొస్తాయి. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి. మనం ఎక్కువ భయపడేది హెచ్ఐవికి. కానీ హెచ్ఐవి ఉన్నవాళ్ల రక్తమంటిన సూది వెయ్యి మందికి గుచ్చుకుంటే ముగ్గురికి అంటుతుంది. హెపటైటిస్ బి అట్లా కాదు. టీకా లేని వంద మందిలో ఆరుగురి నుంచి ముప్పై మంది దాకా అంటొచ్చు. ఎండిపోయిన రక్తంలో కూడా ఆ క్రిమి వారం రోజులు బతుకుతుంది. అసలు భయపడాల్సింది దీనికి. టీకా ఉన్నదీ దీనికే! ఇవాళ ఒకటి, నెలకొకటి, ఆరో నెల ఒకటి, మొత్తం మూడు సూదులు. 1997లో మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకా తయారు చేసింది. దాంతో ధర బాగా దిగింది. ఇప్పుడు పుట్టిన పిల్లలకు 24 గంటల్లోపే వేస్తున్నారు. మనలో నలభై ఏళ్లు దాటినవాళ్ల చిన్నప్పుడు అది లేదు. ఇక్కడ కూచున్నవాళ్లలో మూడు సూదులూ పూర్తయినవాళ్లెందరో ఎవరికి వాళ్లు లెక్క చూసుకోండి.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలి? రక్తం పిండొద్దు. నోట్లో పెట్టి చీకొద్దు. పారే నీళ్లకింద సబ్బుతో కడగాలి. పని అక్కడే ఆపేసి పెద్దాస్పత్రికి పోవాలి. హెచ్ఐవి రాకుండా ముందస్తు మందులుంటాయి. రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు మానకుండా వాడాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివాళ్లు దాని సూది కూడా ఆ పూటే అడగాలి. "డ్యూటీ అయినాక పోదువులే" అని మేస్త్రి అంటే వినొద్దు. ఆ గంటలు మేస్త్రివి కావు, మన ప్రాణానివి.

ఇప్పుడొక అన్యాయం చూడండి. 2016లో వచ్చిన ఆస్పత్రి వ్యర్థాల నియమాల ప్రకారం, ఆ చెత్త ముట్టే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. పనిలో చేరేటప్పుడొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారైనా ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఆ బాధ్యత ఆస్పత్రిది. అంటే ఆస్పత్రి గేటు లోపల ఊడ్చే అక్కకు ఇది కాగితం మీదున్న హక్కు. ఆస్పత్రి అక్కలారా, మీకది అందిందా అని అడగండి. అదే సూది గేటు దాటి వీధి కుండీలోకొస్తే? అక్కడ అది గుచ్చుకున్న మున్సిపల్ అన్నను ఎవరు పిలిచి టీకా వేస్తున్నారు? సూది ఒకటే, రక్తం ఒకటే. గేటుకు ఇవతలున్నందుకు ప్రాణం చవకైపోతుందా?

ఇక వరదనీళ్ల సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. నీళ్లు తీసినాక బురద ఎత్తడానికి వేరే ఊళ్ల మున్సిపాలిటీల నుంచి మనవాళ్లనే రప్పించారు. అట్లాంటి బురదలో ఎలుక ఉచ్చ కలిసుంటుంది. కాలి పగుళ్ల గుండా, చిన్న గీత గుండా క్రిమి ఒంట్లోకి పోతుంది. దాన్ని లెప్టో అంటారు, ఎలుక జ్వరం. జ్వరం, పిక్కలు పట్టేసి నడవనీయని నొప్పి, కళ్లు ఎర్రబడడం దాని గుర్తులు. ముదిరితే కామెర్లు, కిడ్నీలు ఆగిపోవడం. తొందరగా పట్టుకుంటే మామూలు మందులకే తగ్గుతుంది. అందుకే డాక్టరు దగ్గర "జ్వరం" అని ఊరుకోవద్దు. "మురుగులో పనిచేస్తా సార్, పిక్కలు లాగుతున్నాయి" అని చెప్పండి. ఆ ఒక్క ముక్క చాలాసార్లు ప్రాణం నిలబెడుతుంది. 2018 వరదలప్పుడు కేరళ ఆరోగ్యశాఖ కాపాడేవాళ్లకూ, శుభ్రం చేసేవాళ్లకూ వారానికోసారి వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్రలు పంచింది. డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు అది, గర్భిణులకు పనికిరాదు. కేరళ చేసిన పనిని మన దగ్గర ప్రతి వరదకూ ఎందుకడగకూడదు?

2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు సఫాయి కార్మికుల కాళ్లు కడిగారు. 2020లో కరోనా వస్తే చప్పట్లు కొట్టించారు. మన కాళ్లు మనమే కడుక్కుంటాం. ఆ కాళ్లకు బూట్లివ్వండి! చిరగని గ్లౌజులివ్వండి, డ్యూటీ అయినాక కడుక్కోను సబ్బూ నీళ్లూ ఇవ్వండి. ఇవ్వలేక కాదు. 2021 జనవరి 16న కరోనా టీకా మొదలైన రోజు ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి సూది వేసింది ఒక పారిశుధ్య కార్మికుడికే. మరుసటి నెల మున్సిపల్ కార్మికులకూ మొదలుపెట్టారు. ఊరంతా భయపడ్డ జబ్బయితే మన చేయి ముందు గుర్తొస్తుంది. మనకు మాత్రమే వచ్చే జబ్బయితే గుర్తురాదు.

త్యాగం అని కొందరంటారు. 1897లో పూణేలో ప్లేగు వస్తే సావిత్రీబాయి ఫూలే, డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో ఊరి బయట ఆస్పత్రి నడిపింది. జబ్బుపడ్డ మహర్ పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆ ప్లేగే ఆమెకూ అంటి మార్చి 10న కన్నుమూసింది. ఆ తల్లికి మనం వెయ్యిసార్లు మొక్కుతాం. అయితే ఆనాడు ప్లేగును తగ్గించే మందు లేదు. ఇవాళ టీకా ఉంది, మందు ఉంది, బూటు ఉంది. అన్నీ ఉండీ ఇవ్వకుండా దించితే దాన్ని త్యాగమనొద్దు. అది చంపడం.

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. తాగనిదే దిగలేమంటారు మనవాళ్లు. ఆ కంపు, ఆ శవాలు, రాత్రి నిద్రలో కూడా వెంటాడే ఆ దృశ్యాలు ఎట్లాంటివో దిగినవాడికే తెలుసు. తాగుబోతులని మనల్ని తిట్టేవాడు ఒక్కరోజు దిగి చూడాలి. కానీ హెపటైటిస్ ఉన్న లివరు మీద సారా పోస్తే ఒకే గొంతు మీద రెండు కత్తులు పెట్టినట్టే. మనసు చెదిరినవాడికి కావాల్సింది సెలవు, నిద్ర, మాట వినే డాక్టరు. అవి కూడా బూట్లంత అవసరమైన రక్షణే. మన ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. తెల్లారుజామున నాలుగింటికి వీధిలోకొస్తే పోను మరుగు లేదు. అందుకని నీళ్లే తాగరు, ఉచ్చలో మంట పట్టుకుంటుంది. వాళ్లు ఊడ్చే ఊళ్లో వాళ్లకొక బాత్రూం లేదు!

కాబట్టి అడగాల్సినవి చెప్తున్నా, రాసుకోండి. ఒకటి, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు పర్మినెంటు, కాంట్రాక్టు తేడా లేకుండా అందరికీ, డ్యూటీ టైములోనే. రెండు, ఏడాదికోసారి రక్తపరీక్ష, రెండు వారాలు దగ్గుంటే కళ్లె పరీక్ష. ఆ రిపోర్టు మన చేతికే ఇవ్వాలి, దాన్ని చూపి పనిలోంచి తీసేయకూడదు. మూడు, ప్రతి డివిజన్‌లో స్నానానికి నీళ్లు, బట్టలుతికే చోటు, ఆడవాళ్లకు బాత్రూం. పనిబట్టలు ఇంట్లో పిల్లల బట్టల్లో కలపకుండా ఉండాలంటే ఇది తప్పదు. నాలుగు, జబ్బుపడ్డ రోజుకు జీతంతో సెలవు. కూలి పోతుందని జ్వరంతో దిగేవాడికి ఏ టీకా సరిపోదు. ఐదు, సూది గుచ్చుకున్న ప్రతిసారీ రాసే రిజిస్టరు.

ఆ రిజిస్టరు వాళ్లు పెట్టేదాకా మనమే పెడదాం. ఇరవై రూపాయల నోటుబుక్కు చాలు. తారీఖు, పేరు, ఎక్కడ గుచ్చుకుంది, ఎవరికి చెప్పాం, ఏ మందిచ్చారు. చదువుకున్న మన పిల్లలతో రాయించండి. ఎవరి చావుకూ లెక్క లేదనే ఈ రాజ్యం ముందు రేపు ఆ పుస్తకమే మన సాక్షి. వచ్చే నెల జీతాల రోజున ఆ పుస్తకంతోనే ఆఫీసు ముందు కూచుందాం.

జై భీమ్.