పసిబిడ్డల టీకాలు – తల్లిదండ్రుల సందేహములు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, చెన్నపట్టణమున జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



పసిబిడ్డల టీకాలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘమువారు కోరినారు. టీకా మంచిదని చెప్పి ముగించుట సులభము. కాని ఒడిలోని బిడ్డకు సూది వేయించు తల్లి "నా బిడ్డకేమియు కాదు గదా?" అని అడుగుచున్నది. వాత్సల్యమువలన పుట్టిన ఆ ప్రశ్నను కసరి త్రోసివేయుట తగదని మా అభిప్రాయము.

ఈ సందేహము మన పట్టణమునకు క్రొత్తది కాదు. క్షయను నివారించుటకై బి.సి.జి. టీకామందును తయారుచేయు కేంద్రము 1948లో గిండీయందు నెలకొల్పబడినది. దేశమున ఈ టీకాను తొలుత వేసిన తావులలో మదనపల్లె యొకటి. 1955లో రాజాజీగారు ఈ టీకాను తీవ్రముగా ఆక్షేపించి, తమ కారణములతో ఒక పుస్తకమునే ప్రచురించిరి. గవర్నరు జనరలుగా, మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పెద్దమనిషి ప్రశ్నను ఎవరు తేలికగా తీసికొనగలరు? నాటి కేంద్ర ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌర్ గారు టీకాను సమర్థించిరి.

భయమునకు కారణమును లేకపోలేదు. 1930లో జర్మనీయందలి లూబెక్ నగరమున ఈ మందును త్రాగించిన శిశువులలో 70 మందికి పైగా మరణించిరి. అచ్చటి ప్రయోగశాలలో టీకామందుతో అసలైన క్షయక్రిములు కలిసిపోయినవని విచారణలో తేలినది. దోషము తయారుచేసిన చేతులది. అయినను బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ భేదము ఏమి యోదార్పు నిచ్చును? కావున మందు మంచిదైన చాలదు. దానిని చేయుట, దాచుట, వేయుట, ఈ మూడును సరిగా జరుగవలెను.

మరి టీకా గుణమును గూర్చిన తగవు తీరుటెట్లు? అందులకు పరీక్ష కావలసివచ్చినది. 1968లో నాటి చెంగల్పట్టు జిల్లాలో 2,50,000 మందికి పైగా జనులతో గొప్ప పరీక్ష ఆరంభమైనది. కొందరికి టీకాను, కొందరికి టీకాగుణము లేని వట్టి ద్రవమును వేసి, ఏండ్ల తరబడి కనిపెట్టి చూచిరి. పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపజాలలేదని 1979లో ప్రకటించిరి. ఎన్నో ఆశలు పెట్టుకొన్నవారే ఆ చేదు ఫలితమును దాచక చెప్పిరి. అయితే పసిబిడ్డల మెదడు పొరలకు పట్టు క్షయనుండి, ఒళ్లంతయు ప్రాకు క్షయనుండి అది చాలవరకు కాపాడునని ఇతర పరిశోధనల వలన తెలిసినది. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డకు ఎడమ భుజమున ఆ సూది వేయుచున్నారు. టీకా చేయగలదానిని, చేయలేనిదానిని రెంటిని చెప్పువారి మాట నమ్మదగినది.

2017 ఫిబ్రవరిలో తమిళనాట 9 నెలల బిడ్డలు మొదలు 15 ఏండ్లలోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేయబూనినప్పుడు చేతిఫోనులలో వదంతులు వ్యాపించి, పలువురు తల్లిదండ్రులు జంకిరి. రాజాజీగారు తమ పేరు పెట్టి, కారణములు చూపి ప్రశ్నించిరి. ఈ వదంతులకు పేరును లేదు, ఊరును లేదు. జవాబు ఎవరికి చెప్పవలెను? ఇంతలో తట్టు మనకొరకు ఆగదు. అది గాలిలో వ్యాపించి ఊపిరితిత్తులను, ఒక్కొక్కప్పుడు మెదడును దెబ్బతీయును. రుబెల్లా గర్భిణికి సోకినచో పుట్టబోవు బిడ్డ కండ్లకు, చెవులకు, గుండెకు చేటు కలుగవచ్చును. టీకా మానుటలోను అపాయము కలదని మరువరాదు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము. సూదికి ముందు అడుగుడు: ఇది యే టీకా? మందును చల్లగా దాచినారా? సీసామీది గుర్తులో వలయము నడిమి చదరము వలయముకంటె లేతరంగున నున్నదా? మునుపటి టీకాకు బిడ్డకు దద్దురులెక్కినను, ఊపిరాడకపోయినను ముందే చెప్పుడు. సూది వేసిన పిదప అరగంట అచ్చటనే కూర్చుండుడు. అరుదుగా మందు వికటించినచో వెంటనే చికిత్స చేయుటకు వీలగును. ఒకటి రెండు దినములు జ్వరము, సూది గుచ్చినచోట వాపు సాధారణము. బి.సి.జి. వేసినచోట కొన్ని వారములకు చిన్న పుండై మచ్చ పడును. దానిపై పసుపు గాని ఆకుపసరు గాని పూయకుడు. బిడ్డ ఎడతెగక ఏడ్చినను, మూర్ఛ వచ్చినను, మగతగా పడియున్నను తక్షణము వైద్యునికి చూపుడు.

మన ఇండ్లలో ఇంకొక చిక్కు కలదు. ఆరోగ్యకేంద్రమున మాట తమిళమున జరుగును. ఇంటిలో అవ్వకు సందేహము తెలుగున పుట్టును. రెండు భాషలును చదువనేర్చిన మన పిల్లలు టీకాల చీటీని అవ్వకు చదివి వినిపింపవలెను. సంఘమువారు ఏటికొకమారు వైద్యులను పిలిపించి, తల్లులు తమ భాషలో అడుగుటకు వీలు కల్పింపవలెనని కోరుచున్నాము.

అమ్మలారా, అయ్యలారా! అడుగుటకు సిగ్గుపడకుడు, జవాబు విన్నపిదప జాగు చేయకుడు.