ఏలూరు, వరంగల్లు తివాచీలు



తివాచీ యనగానే మనకు పారశీక దేశము స్ఫురించును. కాని ఆ విద్య మన తెలుగునేలపైనను వేళ్లూనినదని మన పిల్లలలో ఎందరెరుగుదురు? పారశీకమునుండి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబములవారు మచిలీపట్టణమునకును, ఏలూరునకును ఈ విద్యను తెచ్చిరని ప్రతీతి. వరంగల్లు తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమున నిలిచినవి.

పారశీకపు ముడి చూచుటకు స్వల్పమే. నిలువు మగ్గమున బిగించిన పడుగులో ఒక దారము చుట్టును ఉన్నిపోగును త్రిప్పి, ప్రక్క దారము వెనుకనుండి పైకి తీసి కోయుదురు. ఒక వరుస ముగిసినంతనే పేక వేసి దువ్వెనతో అదుముదురు. పాత వరంగల్లు తివాచీలలో చదరపు అడుగునకు సుమారు 12,000 ముడులుండెడివని బర్డువుడ్డు దొర 1880లో వ్రాసెను. దినమునకు 6,000 ముడులు వేయు నేర్పరియైనను, 6 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు గల అట్టి తివాచీకి 48 దినములు కూర్చుండవలెను.

ఇట్టి విద్య ఎట్లు క్షీణించెను? చవుక రసాయనపు రంగులు వచ్చెను; చెరసాలల మగ్గములు పోటీకి దిగెను; వర్తకులు ధర తగ్గింపుమనిరి. ధర తగ్గినకొలది ముడులును తగ్గెను. నాడు బాలురచే నేయించు వాడుకయు నుండెను. అది మరల రాకూడదు. పెద్దవారి చేతికి తగిన కూలి దొరకిననే విద్య నిలుచును.

ఫాక్‌లాండ్ రోడ్డు చాళ్లవారితో ఈ మాట చెప్పుటకు కారణము కలదు. మగ్గము విడిచి మిల్లునకు వచ్చిన కుటుంబములు మనలో ఎన్నియో. 1982 సమ్మె పిమ్మట ఆ మిల్లులును అనేకము మూతపడినవి. చేతిలోని పని పోవుట యెట్టిదో మనకొకరు చెప్పనక్కరలేదు.

వరంగల్లు కొత్తవాడలో నేటికిని జంపఖానాలు నేయుచున్నారు. వీనికి ముడులు లేవు, పడుగు పేకల నేతయే. 2018లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించెను. కావున పెండ్లికి గాని, ఇంటికి గాని కొనునప్పుడు చేతినేతను అడుగుడు. తివాచీయైనచో వెనుకకు త్రిప్పి చూడుడు. ముడులు వరుసగా కనబడవలెను. అంచు కుచ్చులు పడుగుదారములే కావలెను, పిదప కుట్టినవి కారాదు. ధర న్యాయమని తోచినచో బేరమాడకుడు. ఊరికి పోయినప్పుడు పిల్లలను మగ్గము చెంతకు తీసికొనిపొండు.